‘లెక్కలు రావు’ అనే తీర్పు ఎవరిది?

కొత్తచెరువు ప్రాంతంలో వేరుశనగ చేలకు తల్లి వెంట కూలికి వెళ్లే పిల్ల, వారానికి ఎంత రావాలో, అంగడి బాకీ పోగా ఎంత మిగలాలో నోటితోనే తేలుస్తుంది. ఆ పిల్లే బడిలో భాగహారం దగ్గర ఆగిపోతే ‘వీళ్లకు లెక్కలు ఎక్కవు’ అంటారు. ‘వీళ్లు’ అన్న ఆ బహువచనంలోనే కులం ఉంది.

కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లలపై అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన అధ్యయనం 2025లో ‘నేచర్’ పత్రికలో వెలువడింది. బేరంలో చిక్కు లెక్కలను చాలావరకు సరిగ్గా చేసిన పిల్లలు, బడి పద్ధతిలో అడిగితే తడబడ్డారు. బడి పిల్లలు బజారు లెక్కల్లో తడబడ్డారు. ఈ రెంటినీ కలపని బోధనే అసలు లోపం.

అవమానం మరో అడ్డంకి. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామీణ బాలురకు కాగితంపై చిక్కుదారుల పజిళ్లు ఇచ్చారు. కులం బయటపెట్టనప్పుడు దళిత బాలురు అగ్రకులాల వారితో సమానంగా నిలిచారు. అందరి ముందు కులం చదివినప్పుడు వెనకబడ్డారు. లెక్క చేసేటప్పుడు అంకెలను మనసులో నిలుపుకోవాలి. ఆ చోటును భయం ఆక్రమిస్తే అంకె జారిపోతుంది. విద్యార్థిగా ఉన్న అంబేడ్కర్‌ను లెక్క చేయమని నల్లబల్ల దగ్గరకు పిలిస్తే, దాని వెనక పెట్టిన తమ అన్నం డబ్బాలు మైలపడతాయని తోటి పిల్లలు గోల చేశారని ఆయన జీవిత చరిత్ర చెబుతోంది.

అంకెలను గ్రహించడమే కష్టమయ్యే డిస్కాల్కులియా ఏ కులపు బిడ్డకైనా ఉండవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని అభ్యసన వైకల్యంగా గుర్తించింది. కలిగినవారి బిడ్డకు నిపుణుడి పరీక్ష, తగిన సాయం దొరుకుతాయి. మాదిగవాడ బిడ్డకు ‘మొద్దు’ అన్న పేరు దొరుకుతుంది.

కొత్తచెరువుకు పక్కనే బుక్కపట్నంలో ఉపాధ్యాయులను తీర్చిదిద్దే డైట్ ఉంది. కూలి లెక్కతో మొదలుపెట్టి కాగితం లెక్కకు నడిపించే పద్ధతిని అక్కడ నేర్పాలి. స్కాలర్‌షిప్ జాబితాలను తరగతిలో కులం పేరుతో చదవడం మానాలి. ‘రాదు’ అనే ముందు ప్రతి ప్రభుత్వ బడిలో డిస్కాల్కులియా పరీక్ష జరగాలి. రిజర్వేషన్ సీటు దాకా చేరకుండానే మూడో తరగతి లెక్కల దగ్గర రాలిపోయిన పిల్లలను మన ప్రతిభా చర్చలు ఏనాడూ లెక్కించలేదు. ఆ లెక్క తేలకుండా ప్రతిభ గురించి మాట్లాడే అర్హత ఎవరికీ లేదని నా వాదన.