ఈ వయసులో నీకు సంస్కృతం అవసరమా?

మా వారు పేపరు మీంచి తల ఎత్తకుండానే అడిగారు, "ఈ వయసులో నీకు సంస్కృతం అవసరమా?" అని. మా ఆడపడుచు ఫోన్లో అదే మాట. మా అబ్బాయైతే "ఏ పరీక్ష రాస్తావమ్మా?" అని నవ్వాడు. వాడు ఇంటర్లో సెకండ్ లాంగ్వేజి సంస్కృతం తీసుకుని వందకి 98 తెచ్చుకున్న ఘనుడు! "అన్నం పెట్టు" అని సంస్కృతంలో అడగరా అంటే బిక్కమొహం వేశాడు.

మన రెండు రాష్ట్రాల్లోనూ ఎంతోమంది పిల్లలు ఇంటర్లో తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకునేది మార్కులు తేలిగ్గా వస్తాయనే కదా. బట్టీ పట్టి, రాసేసి, మర్నాడు మర్చిపోతారు. వాళ్ళని ఎవరూ "అవసరమా" అని అడగరు. మార్కులేమీ వద్దు, అర్థం కావాలి అనే ఆడదాన్ని మాత్రం ఇంటిల్లిపాదీ అడుగుతారు.

అసలు నాకీ పట్టుదల మా అమ్మాయి పెళ్ళిలో వచ్చింది. పీటల మీద కూచున్నాం. పంతులుగారు ఏదో చెప్పించారు, అల్లుడు "నాతిచరామి" అన్నాడు. "అంటే ఏంటండీ?" అని అడిగాను. "ముహూర్తం దాటిపోతుందమ్మా, కానివ్వండి" అన్నారాయన. నా కూతురికి ఇచ్చిన మాట ఏమిటో నాకే తెలియకుండా తలంబ్రాలు పోయించేశాను.

తర్వాత నా అంతట నేనే మొదలుపెట్టాను. పుస్తకం తెరవగానే రామ శబ్దం. ఎనిమిది విభక్తులు, మూడు వచనాలు, 24 రూపాలు! "ఇవి కంఠతా వస్తే గానీ ముందుకెళ్ళకూడదు" అన్నారొక పెద్దాయన. సరిగ్గా ఇక్కడే నా గొడవ. అన్నం ఉడికించడం రాని పిల్లకి మొదటిరోజే పెళ్ళివంట అప్పగిస్తామా? మనలో సగంమంది ఆ పట్టిక చూసే పుస్తకం మూసేశాం. తప్పు మన బుర్రది కాదు, నేర్పే వరసది.

నేను పట్టిక పక్కనపెట్టి వాక్యాలతో మొదలుపెట్టాను. అహం పచామి. నేను వండుతున్నాను. సః ఖాదతి. అతను తింటున్నాడు. రెండు వాక్యాల్లో మా ఇంటి చరిత్ర అంతా వచ్చేసింది! పోపులపెట్టె తెరిస్తే జీలకర్ర జీరకం, పసుపు హరిద్రా, ఉప్పు లవణం. నిండుకుంటే "లవణం నాస్తి". న అస్తి, లేదు. ఆ "న" తెలిశాక ఒకరోజు గిన్నెలు కడుగుతుంటే తట్టింది. న, అతి, చరామి. నేను దాటి నడవను. ధర్మంలో, అర్థంలో, కామంలో ఈమెను దాటి పోనని అల్లుడన్న మాట అది. కుళాయి కట్టేసి అక్కడే నిలబడిపోయాను.

తెలుగు మీడియంలో పదో తరగతి చదివిన అమ్మలూ, మీకు సగం సంస్కృతం ముందే వచ్చు. చేత, చే, తోడ, తో అని తృతీయా విభక్తి వల్లించలేదా? దేవాలయం సవర్ణదీర్ఘ సంధి, మహేశ్వరుడు గుణ సంధి అని రాయలేదా? ద్వంద్వం, ద్విగువు, బహువ్రీహి అవే కదా? దేవనాగరి రాకపోతే తెలుగు లిపిలో చదవండి, లిపి తర్వాత చూసుకోవచ్చు. చెవికి అలవాటు కావాలంటే ఆకాశవాణి 1974 నుంచీ సంస్కృత వార్తలు చదువుతూనే ఉంది.

"ఉచ్చారణ తప్పుతుంది, గురువు లేకుండా ఎలా?" అంటారు. నిజమే, స్వరం తప్పకూడని వేదమంత్రాలకి గురువు ఉండాల్సిందే. శబ్దాల పట్టికా ఏదో ఒకరోజు నేర్చుకోక తప్పదు. కానీ ఒక వాక్యం అర్థం చేసుకోడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆడవాళ్ళనీ, ఎన్నో కులాలవాళ్ళనీ ఈ భాషకి దూరంగా కూచోబెట్టిన కాలం ఒకటుంది. ఇప్పుడు తలుపు తీసే ఉన్నా, "మనకెందుకులే" అని మనమే గడప దగ్గర ఆగిపోతే ఎలా?

అర్థం తెలిస్తే అన్నీ నచ్చుతాయనీ చెప్పను. సంకల్పంలో "ధర్మపత్నీ సమేతస్య" అంటే "భార్యతో కూడినవాడి యొక్క" అని తెలిసినరోజు మనసు చివుక్కుమంది. తెల్లవారుజామున లేచి పిండివంటలు చేసి, పీట వేసి, పూలు కట్టింది నేను. తీరా చూస్తే ఆయన పేరు వెనక తోకని! మా వారితో అంటే ఆయనా కాసేపు మాట్లాడలేదు. అర్థం తెలిస్తే మెచ్చుకోవచ్చు, నిలదీయొచ్చు. తెలియకపోతే తల ఊపడం ఒక్కటే మిగులుతుంది. ఇన్నేళ్ళూ మనం చేసిందదే.

రోజూ లలితా సహస్రనామం చదివే అక్కయ్యలకి నాదొక్కటే మనవి. రేపు వెయ్యి నామాలూ చదవండి, ఒక్క నామానికి అర్థం చూడండి. మూడేళ్ళలోపే అన్నీ అయిపోతాయి.

అన్నట్టు, మా వారి ప్రశ్నకి జవాబు నిన్ననే దొరికింది. తెలుగులో అవసరం అంటే అక్కర. సంస్కృతంలో "అవసరః" అంటే అవకాశం, తగిన సమయం. అందుకే చెప్పాను, "అవునండీ, ఇదే నా అవసరం" అని.