కొన్నవానికిని చిక్కని సొత్తు

"ఊరక వచ్చినదానికి విలువ యుండదు, నమ్మకము కావలెనన్న పేరుమోసిన కంపెనీకి సొమ్ము చెల్లింపవలెను" అను మాట నేడు కచేరీలలోను, బ్యాంకులలోను, కళాశాలలలోను కంప్యూటరు సామగ్రిని కొను పెద్దల నోట మంత్రమువలె వినవచ్చుచున్నది. మంత్రమునకు అర్థ మడుగరాదట! మే మడుగుచున్నాము.

అడుగుటకు సాక్ష్యముగా ఒక్క వస్తువును తీసికొందుము. దాని పేరు ఓపెన్ వి-స్విచ్. చదువరులలో పెక్కుర కీ పేరు క్రొత్త కావచ్చును. ఒక పెద్ద సర్వరును సాఫ్ట్‌వేరు బలముచే పదులకొలది యంత్రములుగా విభజించి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క పనికి నియోగించుట నేటి వాడుక. మండువా యింటిని అరలుగా పంచి, అరకొక కాపురమును పెట్టినట్లన్నమాట. వీనినే వర్చువల్ మెషీను లందురు. ఈ కాపురముల నడుమ ఉత్తర ప్రత్యుత్తరములు నడువవలెను. ఒకరి యుత్తరము వేఱొకరి చేత పడరాదు. పూర్వము తీగలు తగిలించిన స్విచ్చి పెట్టె యే పని చేసెడిదో, ఆ పనినే సర్వరు లోపల ఈ సాఫ్ట్‌వేరు చేయుచున్నది. తపాలాకచేరిలోని సార్టరును తలచికొనుడు. ఎన్నడు నెఱుగని చిరునామా వచ్చినపుడు అతడు పై యధికారి నడుగును. అధికారి నిబంధనలు చూచి చెప్పిన యుత్తరువును గుర్తుంచుకొని, పిమ్మట వచ్చు అట్టి యుత్తరముల నన్నిటిని మరల నడుగకయే తగిన యరలో వేయును. ఓపెన్ వి-స్విచ్ నడక యిదియే. మొదటి ప్యాకెట్టు పై యధికారియైన ప్రోగ్రాము కడకు పోవును. తక్కినవి లినక్స్ గర్భమునందు దాచియుంచిన నిర్ణయమును బట్టి క్షణములో దాటిపోవును.

ఇట్టి సార్టరు ఎవని యదుపులో నున్నచో ఇంటి గుట్టంతయు వాని యదుపులో నున్నట్లే. కావున వాని లోపలి వ్రాతను చూచుటకు మనకు హక్కు గలదా లేదా యనునది బేరసారముల ప్రశ్న గాదు.

ఈ సాఫ్ట్‌వేరు పుట్టుక నొకింత వినుడు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేసిన మార్టిన్ కసాడో, ఆచార్యులైన నిక్ మెకియోన్, స్కాట్ షెంకర్లతో గూడి 2007లో కాలిఫోర్నియాలో నిసిరా యను కంపెనీని స్థాపించెను. ఆ కంపెనీవారే దీనిని వ్రాసి, 2009లో ఎల్లరకును తెఱచి యిచ్చిరి. అపాచీ లైసెన్సు దీనికి రక్షరేకు: చదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును, అమ్ముకొనవచ్చును. 2012 మార్చిలో దీని యొక భాగము లినక్స్ 3.3లోనే చేరిపోయెను. అదే సంవత్సరము జూలైలో వి.ఎం.వేర్ కంపెనీ నిసిరాను 126 కోట్ల డాలర్లకు కొనెను. 2023 నవంబరులో ఆ వి.ఎం.వేర్‌నే బ్రాడ్‌కామ్ కంపెనీ మ్రింగెను. యజమానుల మీద యజమానులు మాఱిరి. మఱి స్విచ్చి యేమాయెను? 2016లోనే అది లినక్స్ ఫౌండేషన్ నీడకు చేరి, నాడు నేడు ఒకే షరతుపై అందఱికిని లభించుచున్నది. కోట్లు పోసి కంపెనీని కొన్నవాడు సైతము ఒకసారి పంచిపెట్టిన వ్రాతను వెనుకకు లాగికొనలేడు.

ఇపుడు తలుపు మూసిన యింటి సంగతి చూతము. వి.ఎం.వేర్‌వారు సర్వరులను విభజించు తమ సాఫ్ట్‌వేరులో అన్యులు చేసిన స్విచ్చీలకు సైతము చోటిచ్చెడివారు. 2009 నుండి సిస్కో కంపెనీవారి నెక్సస్ 1000వి అను స్విచ్చి అందు నడచెను. 2017లో యజమాని, ఇకమీదట అన్యుల స్విచ్చీలకు చోటు లేదని ప్రకటించెను. సిస్కో యన నెవరు? లోకమునందలి స్విచ్చి పెట్టెల వర్తకులలో అగ్రగణ్యులు. అంతటివారిని గుమ్మము దాటించుటకు ఒక్క ప్రకటన చాలెను! వారికే దిక్కు లేనిచోట మన జిల్లా సహకార బ్యాంకు గుమాస్తా గోడు ఎవరు విందురు?

తరువాతి కథ యింకను జాటునది. 2023 డిసెంబరులో బ్రాడ్‌కామ్‌వారు వి.ఎం.వేర్ సరకునకు శాశ్వత లైసెన్సుల విక్రయమును నిలిపి, ఇకపై చందా కట్టినవారికే ఇత్తుమనిరి. అమెరికాలో ఏ.టి. అండ్ టి. వంటి మహాసంస్థయే 2024లో న్యాయస్థానపు మెట్లెక్కవలసివచ్చి, ఆ యేడే రాజీపడెను. మేము బ్రాడ్‌కామ్‌ను దూషింపము. తన సొత్తుపై తన హక్కును చెలాయించినది. అద్దెయింటిని తాతలనాటి యిల్లని భ్రమపడినవారిదే పొరపాటు.

"సరే, ఊరక వచ్చినదానిలో దోషమున్న నెవరిని నిలదీయుదుము?" అని ప్రతిపక్షము. దోషములు లేవని మే మనుట లేదు. 2016లో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఓపెన్ వి-స్విచ్‌లో ఘోరమైన లోపమును పట్టిరి. కల్పించి పంపిన ప్యాకెట్టుతో పరాయివాడు సర్వరునే వశపఱచుకొనుటకు దారి యుండెను. పట్టినవారు కంపెనీ జీతగాండ్రు కారు, బయటివారు. వ్రాత తెఱచియుండబట్టి పరీక్షింపగలిగిరి. దిద్దుబాటు బహిరంగముగా జరిగెను. అంతకు పూర్వమే 2015లో దీని నిర్మాతలు ఒక విద్వత్సభలో చదివిన వ్యాసమున తమ మొదటి పద్ధతి యెచ్చట చతికిలబడినదో తామే వెల్లడించిరి. ప్రతి సంభాషణకును వేఱుగా ఒక నిర్ణయమును దాచుటచే, ఎవడైన వేలకొలది ద్వారములను తట్టి చూచునపుడు స్విచ్చి డస్సిపోయెడిదట. పలు సంభాషణలకు ఒక్క నిర్ణయమే చాలునట్లు పిమ్మట మార్చిరి. మూసిన సరకు వర్తకుడు తన సరకు డస్సిపోయిన చోటును ఇంత విప్పి చెప్పగా మేము విన్నది అరుదు.

అయినను ఈ స్విచ్చిని నెత్తిన బెట్టుకొని యూరేగువారితోను మాకొక తగవు గలదు. ఇది ఆకాశమునుండి రాలినది కాదు. మొదట నిసిరావారు, పిదప వి.ఎం.వేర్, రెడ్ హ్యాట్ కంపెనీలవారు జీతములిచ్చి నిలిపిన మనుష్యులు ఏండ్లతరబడి పాటుపడి వ్రాసినది. తెఱచియుండుట వేఱు, ఏలుకొనుట వేఱు. ఊరుమ్మడి చెరువునకు ఏటేట పూడిక తీయు చేతులుండవలెను. సాఫ్ట్‌వేరు పనికి పేరొందిన హైదరాబాదులోను, అమెరికా కంపెనీలలోను మన తెలుగువారు వేలకొలది పనిచేయుచున్నారు. ఇంజనీరింగు కళాశాలలు వీధికొకటి వెలసినవి. వీనిలో ఎన్నింట విద్యార్థిచే ఇట్టి సజీవమైన వ్రాతను చదివించుచున్నారు? సి భాషలో ఇరువది పంక్తుల లెక్కలు చేయించి పట్టము చేతికిత్తురు. కంపెనీ పరీక్షకు ప్రశ్నలు వల్లెవేయించుటకు మాత్రము ప్రత్యేక తరగతులు! ఏ పంక్తియు నెఱుగని తెఱచిన గ్రంథమునకును, తాళమువేసిన గ్రంథమునకును భేద మెంత?

ఇక ప్రభుత్వము మాట. భారత ప్రభుత్వము 2015లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు విషయమై ఒక విధానమును ప్రకటించినది. టెండరు వేయు సరఫరాదారులు అట్టి సాఫ్ట్‌వేరును గూడ పరిశీలింపవలెననియు, దానిని విడిచిపెట్టినచో కారణమును వ్రాసి యీయవలెననియు అందు గలదు. చక్కని నియమము. కారణము వ్రాయుటతో సరిపెట్టక, వ్రాసిన కారణము ప్రజలు చదువునట్లు చేయవలెనని మేము కోరుచున్నాము. సర్వరులకు ప్రజాధనమును వెచ్చించు ప్రతి శాఖయు, ఓపెన్ వి-స్విచ్ వంటివానిని ఏల కాదన్నదో సరఫరాదారు సంతకముతో గోడకు అంటింపవలెను. ఆ కాగితము నేదైన కచేరి పంపినయెడల, ఒక్క అక్షరమైన మార్పక ఈ పుటయందే అచ్చువేయుటకు మేము సిద్ధముగా నున్నాము.