పచ్చ కార్డు మీద పట్టని మాట

"విమర్శలు చాలు మేడమ్, పరిష్కారాలు చెప్పండి."

మాసబ్ ట్యాంక్‌లో ఒక సమావేశ మందిరం. బస్తీ మహిళా సంఘాల మీద సంప్రదింపులు. అందరికీ పచ్చ కార్డులు పంచారు. ఒక్కో కార్డు మీద ఒక్కో పరిష్కారం, ఐదారు మాటల్లో రాయాలి. సమస్య రాయడానికి మాత్రం కార్డు లేదు. సమస్యలు అందరికీ తెలిసినవేనట! పచ్చ కార్డు చేతిలో పట్టుకుని చాలాసేపు ఖాళీగా కూర్చున్నాను. ఎందుకు ఖాళీగా కూర్చున్నానో చెప్పడానికే ఈ వ్యాసం.

అంతకు నెల ముందు ఒక స్వచ్ఛంద సంస్థ నివేదిక కోసం దగ్గర్లోని బస్తీలో ఇంటర్వ్యూలు చేశాను. నాలుగిళ్ళలో పాచిపని చేసే ఒకామె, వయసులో మా అమ్మంత ఉంటుంది, రెండు గంటలు మాట్లాడింది. వాళ్ళ సంఘంలో ఒక సభ్యురాలు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఆమె కిస్తీ మిగిలినవాళ్ళ మీద పడింది. కట్టకపోతే తర్వాతి అప్పు రాదు. ఎవరు ఎంత కట్టారో పుస్తకం రాసే అమ్మాయికి తప్ప ఎవరికీ తెలియదు. నేను శ్రద్ధగా రాసుకున్నాను. 'ఉమ్మడి పూచీ', 'క్రమశిక్షణ', 'నిఘా' అని మార్జిన్లో గుర్తులు కూడా పెట్టుకున్నాను. లేచి వచ్చేస్తుంటే ఆమె అడిగింది: "అంత రాస్కపోతున్నవ్ గని బిడ్డా, మరి నా పైసల సంగతేంది?"

నా దగ్గర జవాబు లేదు. సాహిత్యంలో డాక్టరేట్ ఉంది, జవాబు లేదు.

కాబట్టి నిర్వాహకుల మాటలో నిజం లేదని నేననను. కానీ ఆ మాట ఎవరు ఎవరితో అంటున్నారన్నది అడగాలి కదా? మన తెలుగు నేల మీద ఆ మాటకి ముప్పై ఏళ్ళ చరిత్ర ఉంది.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాన్ని మూయించిన కథ వాచకంలో పాఠమైంది. ఆ పాఠం చదువుకున్న ఊళ్ళలో ఆడవాళ్ళు 'మన ఊళ్ళో ఎందుకు కాదు' అనుకున్నారు. 1992లో సారా వేలంపాటలే జరగనివ్వలేదు. వాళ్ళు చేసింది విమర్శా, పరిష్కారమా? కూలి డబ్బులు ఎటు పోతున్నాయి, ఆ సారా ఆదాయం ఎవరికి చేరుతోంది అని లెక్క అడిగారు. ఆ అడగడంలోనే పరిష్కారం ఉంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. మనం 'నీలిమేఘాలు' సంకలనం తెచ్చుకున్న సంవత్సరం కూడా అదే.

ఆ తర్వాత ఏం జరిగింది? అదే నెల్లూరులో అదే ఆడవాళ్ళ చేతికి 'పొదుపులక్ష్మి' వచ్చింది. రోజుకో రూపాయి దాచుకోండి అన్నారు. దాచుకున్నారు. ఆ రూపాయిని నేను తక్కువ చేయను. సొంత పేరు మీద పాసుపుస్తకం ఉండటం ఎంత పెద్ద సంగతో ఎప్పుడూ లేనివాళ్ళకే తెలుస్తుంది. కానీ 1995లో అమలైన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. ప్రభుత్వాన్ని లెక్క అడిగిన ఆడవాళ్ళు ఇప్పుడు కిస్తీ లెక్క చెప్పుకోవాల్సిన వాళ్ళయ్యారు. ఉద్యమకారిణి లబ్ధిదారు అయింది. ఆమె అడిగిన ప్రశ్న ఒకటి, ఆమెకిచ్చిన పరిష్కారం ఇంకొకటి.

విమర్శ లేని పరిష్కారం ఎక్కడికి పోతుందో ఆ తర్వాత చూశాం. సంఘాలు వేసిన బాటలోనే సూక్ష్మరుణ సంస్థలు వచ్చాయి. 2006లో కృష్ణా జిల్లాలో వసూళ్ళ ఒత్తిడి మీద గొడవై కలెక్టర్ శాఖలు మూయించారు. 2010 అక్టోబరులో ఆత్మహత్యల వార్తల మధ్య ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. పేదరికానికి మార్కెట్టే పరిష్కారమని ప్రపంచమంతా మెచ్చుకున్న నమూనా ఇది. వారం వారం కిస్తీ కట్టే ఆడది ఏమంటోందని ముందే ఎవరైనా విని ఉంటే? ఆమె అన్నవన్నీ 'ఫిర్యాదులు'. ఫిర్యాదుకి పచ్చ కార్డు లేదు.

అయితే మిత్రులారా, ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం మనకు చాలా సుఖంగా ఉంటుంది. తప్పంతా వాళ్ళదే. మనం 'సాధికారత' అనే మాటని చీల్చి చెండాడుతూ పత్రాలు రాస్తాం, సెమినార్లలో చదువుతాం, చప్పట్లు కొట్టించుకుంటాం. ఆ పాచిపనామె దగ్గర రెండు గంటలు తీసుకుని నేను తిరిగి ఇచ్చిందేమిటి? పేరు మార్చి నా నివేదికలో రెండు పేరాలు. ఆమెని లబ్ధిదారు చేసినవాళ్ళకీ, ఉదాహరణ చేసిన నాకూ తేడా ఎంత?

మన ముందుతరం ఇలా లేదు. 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చిన స్త్రీశక్తి సంఘటన వాళ్ళే ఆడవాళ్ళ ఆరోగ్యం మీద 'సవాలక్ష సందేహాలు' కూడా తెచ్చారు. వైద్యవ్యవస్థని విమర్శించడం, ఆడదాని ఒంటి గురించి ఆమెకి అర్థమయ్యేలా చెప్పడం వాళ్ళకి ఒకే పనిలో రెండు భాగాలు. ఆ రెండో భాగాన్ని మనమే వదిలేశాం. అది ప్రాజెక్టులవాళ్ళ పని అనుకున్నాం. సిద్ధాంతం మనది, దరఖాస్తు వాళ్ళది!

నేను మళ్ళీ బస్తీకి వెళ్ళాను. సిగ్గుతోనే వెళ్ళాను. "ఏం చేద్దామంటారు?" అని అడిగితే ఆమె తడుముకోలేదు. "బుక్కు చదివి చెప్పు. ఎవరెంత కట్టినరో అందరి ముంగట చదువు." రెండు ఆదివారాలు పదకొండుమంది పాసుపుస్తకాలు ముందేసుకుని, సంఘం పుస్తకంతో ఒక్కో కిస్తీ సరిచూశాం. ఎక్కడ కొట్టివేత ఉందో, ఎక్కడ సిరా మారిందో, ఏ నెల లేదో వెతికాం. ఒక పాఠంలో చెప్పకుండా వదిలేసిందేమిటో వెతకడం నాకు విశ్వవిద్యాలయం నేర్పిన ఒకే ఒక విద్య. అది మొదటిసారి ఒకరికి పనికొచ్చింది. ముగ్గురి కిస్తీలు పుస్తకంలోకి ఎక్కనే లేదు.

డబ్బంతా తిరిగి రాలేదు. వెళ్ళిపోయినామె బాకీ ఇంకా వాళ్ళ మీదే ఉంది. కానీ ఇప్పుడు నెలనెలా మీటింగులో పుస్తకం పైకి చదువుతున్నారు, తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. ఆ పరిష్కారం ఏ కార్డు మీదా లేదు. "నా పైసల సంగతేంది" అనే నిష్ఠూరంలో ఉంది.

అందుకే సమావేశాలు పెట్టేవాళ్ళకి నా మాట ఒక్కటే: మొదటి కార్డు సమస్యది, అది అప్పు కట్టే ఆడదాని చేతిలో పెట్టండి. మనవాళ్ళకి కూడా ఒక మాట: వ్యాసం రాసే ముందు ఒక్క పుస్తకమైనా ఆమె పక్కన కూర్చుని చదివి చెప్పండి.

మాసబ్ ట్యాంక్ అంటే మా సాహెబా చెరువు. ఒక స్త్రీ పేరు మీద వెలసిన చెరువు పోయింది, నలిగిపోయి గుర్తుపట్టలేని ఆమె పేరు మిగిలింది. ఇవాళ సంక్షేమ భవన్ నిండా ఫైళ్ళు, ఫైళ్ళ నిండా ఆడవాళ్ళ పేర్లు. వాళ్ళు అడిగిందేమిటో మాత్రం ఎవరూ రాసి పెట్టడం లేదు.