భూమి తాళం ఎవని చేతుల ఉన్నది?

ధరణి పోయి భూభారతి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న పేరు మారింది. కానీ తమ్మీ, పాస్‌బుక్కు పట్టుకొని మండలాఫీసుకు పోయినప్పుడు నువ్వు అడగాల్సిన ముచ్చట వేరే ఉన్నది. నీ సర్వే నంబర్‌ను కంప్యూటర్ల ఎవరు చూస్తుండ్రు, ఎవరు మారుస్తుండ్రు? కంప్యూటరోళ్లు దీన్ని యాక్సెస్ కంట్రోల్ అంటరు. పెద్ద మాటేం కాదు, తాళంచెవుల లెక్క.

పట్వారీ కాలంల పహాణీ ఆయన ఇంట్ల బట్టల మూటగట్టి ఉండేది. ఎవరికి చూపియ్యాల్నో ఆయన ఇష్టం. దస్త్రం ఎవని చేతుల ఉంటే వాడే తాళం పంచుడు, దీనికి డిస్క్రిషనరీ అని పేరు. నువ్వు గూగుల్ డ్రైవ్ ఫైలు దోస్తుకు షేర్ జేసుడు గూడ గిదే. 1980లల్ల ఎన్టీఆర్ సర్కారు పట్వారీలను తీసేసింది. 2020 సెప్టెంబర్ల వీఆర్వోలు గూడ పోయిండ్రు.

ఆ అక్టోబర్ 29న ధరణి మొదలైనంక తాళం కుర్చీకి పోయింది. తహసీల్దార్ లాగిన్, కలెక్టర్ లాగిన్. మనిషి బదిలీ అయినా అధికారం కుర్చీకే ఉంటది. ఇది రోల్ పద్ధతి. బ్యాంకులు గూడ ఇట్లనే నడుస్తయి, ఒకరు ఎంట్రీ కొడితే ఇంకొకరు ఓకే చెయ్యాలె. పద్ధతి మంచిదే. పేచీ ఎక్కడంటే ఏ కుర్చీకి ఎంత ఇచ్చిండ్రన్న కాడ. పేరుల అక్షరం తప్పు పడ్డా ఫైలు కలెక్టర్ దాకా పోవాల్సి వచ్చె. 2024 ఫిబ్రవరిల తహసీల్దార్లకు, ఆర్డీవోలకు అధికారాలు పంచిండ్రంటే మొదటి పంపకం తప్పని ఒప్పుకున్నట్టే గద.

ఇగ 22-ఏ నిషేధిత జాబితా. ఇది మిలిటరీ తాళం, మ్యాండేటరీ అంటరు. ముద్ర పడ్డదంటే పైనోడు తీసేదాక కిందోడు ముట్టరాదు. సర్కారు భూమిని కాపాడనీకె ఇది కావాలె, కాదనను. కానీ సర్వే నంబర్ల రెండెకరాలు సర్కారువైతే నంబర్ మొత్తానికి ముద్రేస్తే, పక్కన పట్టా ఉన్నోడు బిడ్డ పెండ్లికి అరెకరం అమ్ముకోలేకపోయిండు.

ధరణిల ఇంకో తమాష. పట్టాదారు తన వివరాలు బయటోళ్లకు కనపడకుండ దాచుకునే ఆప్షన్ పెట్టిండ్రు. పక్క పొలం ఎవరి పేర పడ్డదో ఊరు చూస్తేనే దొంగ పట్టా దొరుకుతది. నన్నడిగితే గది పట్వారీ మూటనే, కంప్యూటర్ల గట్టిండ్రు.

ఇప్పుడు ఆట్రిబ్యూట్ పద్ధతి అని కొత్తది నడుస్తున్నది. కుర్చీ ఒక్కటే చాలదు, ఏ మండలం, ఏ టైం, ఏ పని అని గూడ మెషీన్ అడుగుతది. రాత్రి పదకొండుకు మ్యుటేషన్ కొడుతుంటే ఆపుతది. మస్తుగ ఉన్నది. అయితే నేను చూసిన ఒక ఆఫీసుల సారు మీటింగ్‌కు పోయిండు, ఆయన డిజిటల్ కీ ఆపరేటర్ కంప్యూటర్‌కే ఉన్నది. గక్కడ ఏ పద్ధతైనా ఏం జేస్తది?

వీటన్నిటి మీద ఇంకో తాళం ఉంటది, సర్వర్ నడిపేటోని చేతుల. ధరణిని మొదట ప్రైవేటు కంపెనీ నడిపింది, 2024ల ఎన్‌ఐసీకి అప్పజెప్పిండ్రు. ఆ తాళానికి లెక్క చెప్పేది లాగ్ ఒక్కటే: ఎవరు, ఎప్పుడు, ఏం మార్చిండ్రు అన్న పద్దు. కొత్త చట్టంల అప్పీలు పెట్టిండ్రు, 2020 చట్టంల ఉంటే కోర్టుకే పోవాల్సి ఉండె. అప్పీలుకు పోయేటోని చేతుల ఆ పద్దు లేకుంటే ఏం చూపిస్తడు? ఆధార్‌ను ఎప్పుడు వాడిండ్రో ఆర్నెల్ల హిస్టరీ మనం ఫోన్ల చూసుకోవచ్చు. మన సర్వే నంబర్‌కు గూడ గట్లనే కావాలె. రేపు గ్రామసభల మైకు దొరికితే ముందుగాల గిదే అడుగుండ్రి.