ఇంటి బిందె, పట్టణపు కుళాయి



ఏలేశ్వరము కడనున్న ఏలేరు జలాశయమునుండి వెడలిన ఎడమకాలువ, మన నర్సీపట్నపు సీమలోని పల్లెలను, పొలములను దాటుకొనుచు ఇంచుమించు 150 కిలోమీటర్లు నడచి విశాఖపట్టణము చేరుచున్నది. అక్కడి ఉక్కు కర్మాగారమునకును, పురజనులకును అది ముఖ్యాధారములలో నొకటి. మన వాకిటి మీదుగా బోవు నీరు కావున ఆ నగరపు నీటిసంగతి మనకు పొరుగింటి సంగతి వంటిది. మన బిడ్డలు అక్కడ చదువుకొనుచున్నారు, మన కూతుండ్రు అక్కడ కాపురములు చేయుచున్నారు. అందుచేత ఈ నెల వంటకములను, కుట్టుపనిని ప్రక్కకు బెట్టి, ఒక మహానగరమునకు హఠాత్తుగా నీరు నిలిచిపోయినచో ఏమగునో, దానికి ముందుగా నెట్లు సిద్ధపడవలెనో ముచ్చటింప దలచితిని.

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖతీరమును దాకెను. గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగమున వీచెను. ఆనాడు విశాఖకు నీరు కొఱవడలేదు. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ, ఏలేరు ఇన్ని ఆధారములుండెను. పైని కుంభవృష్టి కురియుచుండెను. అయినను కుళాయిలు ఎండిపోయినవి. స్తంభములు కూలి, తీగలు తెగి, విద్యుచ్ఛక్తి ఆగిపోయెను. దానితో పంపులును ఆగినవి. మేడలపైనున్న తొట్లలోని నీరు అయిపోవుటకు ఎంతసేపు పట్టును? దినములకొలది జనులు ట్యాంకరు కొఱకు వరుసలలో నిలువవలసివచ్చెను. నాలుగవ అంతస్తులో కాపురమున్న యిల్లాలికి, లిఫ్టులేని మెట్లమీద బిందె మోయుటయన నేమో అప్పుడు తెలిసినది.

చెఱువులో నీరుండుట వేఱు, ఇంటిలో నీరుండుట వేఱు. ఈ రెంటి నడుమనున్న దారి యెంత గట్టిదో చూచుటయే నగరపు సన్నాహమని నా తలంపు. పూర్వులు ఈ విషయమున కొంత మేలు. 1908లో మూసీనది పొంగి హైదరాబాదును ముంచిన పిదప, శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఎగువను రెండు జలాశయములు నిర్మింపబడెను. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. అవి వఱదను ఆపుటయేగాక, నేల వాలునుబట్టి పట్టణమునకు నీరంపగలవు. దూరమునుండి వచ్చు కృష్ణా గోదావరుల నీటినో, యంత్రములతో ఎత్తిపోయవలెను. యంత్రములున్నచోట రెండవ విద్యుత్తు మార్గమో, జనరేటరో, దానికి కొన్నిదినముల నూనెయో సిద్ధముగా నుండనిచో, నిండిన జలాశయమును జూచుచు దాహముతో నుండవలసినదే. హుద్‌హుద్ పిమ్మట ప్రపంచబ్యాంకు సాయమున విశాఖలో విద్యుత్తు తీగలను భూమిలో పాతుటకు పూనుకొనిరి. పైకి చూచుటకు అది దీపముల పని. నిజమునకు నీటి పనియు నదియే.

తుపాను ఒక్క రాత్రిలో వచ్చును. కఱవు మెల్లగా వచ్చును గాని అంతకన్న క్రూరమైనది. 2019 వేసవిలో చెన్నపట్టణపు నాలుగు పెద్ద జలాశయములును దాదాపు ఎండిపోయెను. జులై 12న జోలార్‌పేటనుండి 50 వ్యాగన్ల రైలు 25 లక్షల లీటర్ల నీటిని మోసికొని వచ్చెను. వినుటకు గొప్పసంఖ్యయే, ఆ నగరపు ఒకదినపు అవసరములో నూటికి ఒక పాలుకూడ కాదు. మన కండలేరునుండి కృష్ణాజలము 1996 మొదలు ఆ నగరమునకు పోవుచున్నది గాని, ఎగువను వానలు లేనప్పుడు ఆ కాలువయు సన్నగిల్లును. ఆధారములు ఎన్నియున్నను, అన్నియు మబ్బునే నమ్ముకొన్నచో ఒకటిక్రిందనే లెక్క. ఆ కష్టకాలమున మీంజూరు, నెమ్మేలిలలోని సముద్రపునీటిని శుద్ధిచేయు కర్మాగారములు మాత్రము మబ్బుతో పనిలేక నడచినవి.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను నగరమువారు 2018లో ఇట్టి కఱవే వచ్చినపుడు, మనిషికి దినమునకు 50 లీటర్లకు మించి వాడరాదని నిర్ణయించిరి. పదునైదు లీటర్ల బిందెతో కొలిచిన, మూడు బిందెల పైచిల్లర. స్నానము, వంట, బట్టలు, మఱుగుదొడ్డి అన్నియు అందులోనే. లోకమంతయు ఆశ్చర్యపడెను. కాని మనదేశమున జలజీవన్ మిషనువారు గ్రామములకు ఏర్పఱచిన పరిమాణము మనిషికి 55 లీటర్లు. అక్కడ ఉపద్రవమనిపించుకొన్న కొలతయు, మన పల్లెటూరి యిల్లాలికి నిత్యజీవనమునకని నిర్ణయింపబడిన కొలతయు ఇంచుమించు ఒక్కటే! ఇంటిలో అంట్లు తోమినవారు గదా ఇట్టి లెక్కలు వేయవలసినది.

ఏ నగరము ఎంత సిద్ధపడినను, మొదటి రెండుమూడు దినముల భారము ఇంటిమీదనే పడును. మనిషికి దినమునకు 15 లీటర్లు తక్కువపక్షమని సహాయకార్యములు చేయువారి లెక్క. అయిదుగురున్న యింటికి మూడుదినములకు 225 లీటర్లు. అందులో మనిషికి దినమునకు మూడు లీటర్ల చొప్పున 45 లీటర్లు త్రాగుటకని వేఱుగా మూతిచిన్న పాత్రలలో, మూతలు బిగించి పెట్టవలెను, చేయి ముంచరాదు. తుపాను వార్త ఇప్పుడు కొన్నిదినములు ముందుగానే తెలియుచున్నది. కరెంటు పోకమునుపే మేడమీది తొట్టి నింపుకొనవలెను. అనుమానమున్న నీటిని తెర్లకాగిన పిదప మఱి యొక నిమిషము మఱిగించి చల్లార్చుకొనవలెను. వంటచెఱకు, గ్యాసు లేనపుడు క్లోరిన్ బిళ్లను పొట్లముపై వ్రాసిన కొలతప్రకారము వేసి, అరగంట ఆగి త్రాగవచ్చును. వఱద ముంచిన నూతినీటిని శుద్ధిచేయనిదే పిల్లలకు ఇయ్యరాదు.

విశాఖలో ఫ్లాటులలో నున్న మన ఆడపడుచులు తమ సంఘపు సమావేశమున ఒక ప్రశ్న అడుగవలెను. మన జనరేటరు లిఫ్టునకు మాత్రమేనా, నీటిమోటారునకు కూడనా? ఎన్ని గంటలకు సరిపడు నూనె యున్నది? అడిగినవారిని చూచి నవ్విన నవ్వనిండు.

ఇక మన యూళ్లలోనివారు కుళాయి రాగానే పెరటినూతిని పూడ్చుట, లేదా చెత్తకుండీగా చేయుట చూచుచున్నాము. బోరుబావికి మోటారు కావలెను, మోటారునకు కరెంటు కావలెను. నూతికి చేంతాడును, రెండు చేతులును చాలును. అక్టోబరు, నవంబరు నెలలు వాయుగుండముల కాలము. ఆలోపున నూతిని పూడిక తీయించి, గిలకకు నూనె వేయించి, చేంతాడు క్రొత్తది కొనియుంచుడు. పిల్లలున్న యిండ్లలో పైని ఇనుపజల్లెడ మూత మఱువకుడు.