అరువిచ్చిన ఫార్వర్డ్‌ను వెనక్కి పిలవాలా?
లుకాకు విషయంలో చెల్సీ నిర్ణయాలు చెబుతున్న పాఠం

ఐరోపా ఫుట్‌బాల్ క్లబ్బుల్లో ప్రతి వేసవిలోనూ ఒకే ప్రశ్న తలెత్తుతుంది. నిరుడు వేరే క్లబ్బుకు అరువిచ్చిన ఫార్వర్డ్ అక్కడ విరివిగా గోల్స్ చేశాడు. అతణ్ని తిరిగి పిలిపించి సొంత జట్టులో చోటివ్వాలా? మరో ఏడాది బయటే ఉంచాలా? లేక మంచి ధర పలుకుతున్నప్పుడే అమ్మివేయాలా? పైకి చిన్న ప్రశ్నే అయినా దీనికి ఇచ్చిన సమాధానం మీద కోట్లాది పౌండ్ల సొమ్ము, ఒక్కోసారి లీగ్ టైటిల్, అన్నిటినీ మించి ఒక యువకుడి భవిష్యత్తు ఆధారపడి ఉంటాయి.

ఈ విషయంలో లండన్‌కు చెందిన చెల్సీ క్లబ్బు, బెల్జియం స్ట్రైకర్ రొమేలు లుకాకుల ఉదంతాన్ని మించిన పాఠం మరొకటి లేదు. ఒకే ఆటగాడి విషయంలో ఇదే ప్రశ్న 2013లో ఒకసారి, 2022 తరువాత మరోసారి చెల్సీ ముందుకు వచ్చింది. మొదటిసారి పిలిపించుకుని కూడా వినియోగించుకోలేకపోయింది. రెండోసారి పిలవకపోవడమే సబబని తేలడానికి రెండేళ్లు పట్టింది.

అరువు పద్ధతి ఇదీ...

అరువుపై వెళ్లిన ఆటగాడి ఒప్పందం సొంత క్లబ్బుతోనే కొనసాగుతుంది. తీసుకున్న క్లబ్బు అతడి జీతాన్ని పూర్తిగానో, కొంత మేరకో భరిస్తుంది. కొన్ని సందర్భాల్లో అరువు రుసుము కూడా చెల్లిస్తుంది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లోనే అరువుపై ఆడుతున్న వ్యక్తి తన సొంత క్లబ్బుపై లీగ్ మ్యాచ్‌ల్లో బరిలోకి దిగరాదు. కుర్రవాళ్లకు పెద్ద స్థాయి మ్యాచ్‌లు ఆడే అవకాశం రావాలన్నది దీని అసలు ఉద్దేశం. ఆచరణలో మాత్రం ఏం చేయాలో పాలుపోని ఆటగాళ్లను కంటికి కనపడకుండా పక్కన పెట్టడానికి కూడా ఇది ఉపయోగపడుతోంది. చిక్కంతా ఇక్కడే వస్తోంది.

2013: పిలిచి, మళ్లీ పంపారు

లుకాకును చెల్సీ 2011లో బెల్జియం క్లబ్బు ఆండర్‌లెక్ట్ నుంచి కొనుగోలు చేసింది. 2012-13 సీజన్‌కు వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్‌కు అరువిచ్చింది. అక్కడ అతడు 17 లీగ్ గోల్స్ చేశాడు. 2013 మే 19న మాంచెస్టర్ యునైటెడ్‌తో 5-5తో ముగిసిన మ్యాచ్‌లో విరామం తరువాత బరిలోకి దిగి మూడు గోల్స్ సాధించాడు. యునైటెడ్ కోచ్ అలెక్స్ ఫెర్గూసన్‌కు అదే చివరి మ్యాచ్ కావడం గమనార్హం. అప్పటికి లుకాకుకు 20 ఏళ్లు నిండి వారం కూడా కాలేదు.

ఆ వేసవిలో చెల్సీ కోచ్‌గా జోస్ మౌరినో తిరిగి వచ్చారు. లుకాకును వెనక్కి పిలిచారు. ఆగస్టు 30న ప్రేగ్‌లో బేయర్న్ మ్యూనిక్‌తో జరిగిన సూపర్ కప్ మ్యాచ్ పెనాల్టీ షూటౌట్‌కు దారితీసింది. చెల్సీ తరఫున చివరి కిక్ తీసుకున్న లుకాకు విఫలమయ్యాడు. మూడు రోజులు గడిచేసరికి అతణ్ని ఎవర్టన్‌కు అరువిచ్చేశారు. అంతకు కొద్ది రోజుల ముందే 32 ఏళ్ల శామ్యూల్ ఎటోను తీసుకున్నారు.

ఫలితం అంకెల్లోనే ఉంది. 2013-14 లీగ్‌లో చెల్సీ స్ట్రైకర్లు ఎటో 9, ఫెర్నాండో టోరెస్ 5, డెంబా బా 5 గోల్స్ చేశారు. ముగ్గురూ కలిసి 19. లుకాకు ఒక్కడే ఎవర్టన్‌కు 15 గోల్స్ అందించాడు. ఆ జట్టు 72 పాయింట్లతో అయిదో స్థానంలో నిలిచింది. చెల్సీ 82 పాయింట్లతో మూడో స్థానానికి పరిమితమైంది. విజేత మాంచెస్టర్ సిటీకి వచ్చినవి 86.

సొంత మైదానంలో వెస్ట్‌హామ్, నార్విచ్‌లతో చెల్సీ ఒక్క గోల్ కూడా చేయలేక డ్రా చేసుకుంది. సండర్‌లాండ్ చేతిలో 1-2తో ఓడింది. ఈ మూడు మ్యాచ్‌ల్లోనే 7 పాయింట్లు చేజారాయి. టైటిల్‌కు తగ్గిన తేడా నాలుగు పాయింట్లే. లుకాకు ఉంటే టైటిల్ వచ్చేదేనని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ చంకలో పిల్లవాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినట్లయిందన్న విమర్శకు మాత్రం తావుంది.

మరోవైపు వాదన

చెల్సీ వైపు కూడా న్యాయం లేకపోలేదు. 2014లో లుకాకును 2.8 కోట్ల పౌండ్లకు ఎవర్టన్‌కు అమ్మివేసి, స్పెయిన్ నుంచి డీగో కోస్టాను తెచ్చుకుంది. కోస్టా 20 లీగ్ గోల్స్ చేశాడు. 2014-15లో చెల్సీ విజేతగా నిలిచింది. ఆ ఒక్క ఏడాది వరకే చూస్తే లెక్క సరిపోయింది.

కానీ ఆటగాడి విలువ ఒక్క ఏడాదితో తేలేది కాదు. 2017లో ఎవర్టన్ అతణ్ని 7.5 కోట్ల పౌండ్లకు మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మింది. అప్పుడు యునైటెడ్ కోచ్ మరెవరో కాదు, మౌరినోనే. తన చేతిలో ఉన్నప్పుడు వదులుకున్న వాణ్ని నాలుగేళ్లకే భారీ ధర పెట్టించి తెచ్చుకోవాల్సి వచ్చింది.

2021: రికార్డు ధరతో పునరాగమనం

2020-21లో ఇటలీ క్లబ్బు ఇంటర్ మిలాన్ టైటిల్ గెలవడంలో లుకాకుది ప్రధాన పాత్ర. ఆ సీజన్‌లో 24 లీగ్ గోల్స్ చేశాడు. 2021 ఆగస్టులో చెల్సీ 9.75 కోట్ల పౌండ్లకు అతణ్ని మళ్లీ కొన్నది. క్లబ్బు చరిత్రలో అప్పటికి అదే అత్యధిక ధర. తాము 2.8 కోట్లకు అమ్మిన ఆటగాణ్ని తిరిగి తెచ్చుకోవడానికి అదనంగా చెల్లించింది దాదాపు 7 కోట్ల పౌండ్లు.

అంత ధర పోసినా ఆట కుదరలేదు. థామస్ టుకెల్ పద్ధతిలో ముందువరుస ఆటగాడు నిరంతరం కదులుతూ, బంతి కోసం ప్రత్యర్థిని వెంటాడుతూ ఉండాలి. గోల్‌కు వీపు పెట్టి బంతిని కాచుకోవడం, ఖాళీలోకి దూసుకుపోవడం లుకాకు బలాలు. రెండింటికీ పొంతన కుదరలేదు. 2021 డిసెంబరు 30న ప్రసారమైన ఒక ఇటలీ టీవీ ఇంటర్వ్యూలో అతడు తన అసంతృప్తిని బయటపెట్టాడు. లివర్‌పూల్‌తో మ్యాచ్‌కు కోచ్ పక్కన పెట్టారు. తరువాత క్షమాపణ చెప్పినా పూర్వపు సఖ్యత రాలేదు. ఆ సీజన్‌లో లుకాకు లీగ్ గోల్స్ 8 మాత్రమే. 2022 జూన్‌లో అతణ్ని మళ్లీ ఇంటర్‌కే అరువిచ్చారు.

పిలవాల్సిన వేళ ఏది?

2022-23లో చెల్సీ పరిస్థితి దయనీయం. 38 మ్యాచ్‌ల్లో 38 గోల్స్ మాత్రమే చేసి 12వ స్థానంలో నిలిచింది. టుకెల్‌ను సెప్టెంబరులోనే తొలగించారు. అందువల్ల 2023 వేసవిలో లుకాకును వెనక్కి పిలవాలన్న వాదన బలంగా వినిపించడం సహజమే. గోల్స్ లేని జట్టు, జీతం ఇస్తున్న స్ట్రైకర్, గొడవపడిన కోచ్ ఇక లేరు.

అయినా పిలవకపోవడమే సరైన నిర్ణయమని ఈ విశ్లేషణ అభిప్రాయం. అప్పటికి అతడికి 30 ఏళ్లు. ఇంటర్‌లో గాయాల మధ్య 10 లీగ్ గోల్స్ చేశాడు. తిరిగి రావాలన్న కోరిక అతడిలో కనిపించలేదు. కొత్త కోచ్ మౌరిసియో పొచెటినో హయాంలో జట్టును యువకులతో నిర్మించారు. 2023-24లో కోల్ పామర్ 22, నికోలస్ జాక్సన్ 14 లీగ్ గోల్స్ చేయగా చెల్సీ ఆరో స్థానానికి చేరింది.

తప్పంతా జాప్యంలో ఉంది. పిలవరు, అమ్మరు. ఆ మధ్య స్థితిలో అతడు రోమాకు మరో అరువుపై వెళ్లాడు. అక్కడా తొలి నెలల్లో కోచ్ మౌరినోనే. లుకాకు 13 లీగ్ గోల్స్ చేశాడు. చివరకు 2024 ఆగస్టులో సుమారు 3 కోట్ల యూరోలకు నేపోలి కొనుగోలు చేసినట్లు వార్తలు వచ్చాయి. ఇంటర్‌లో తనను తీర్చిదిద్దిన ఆంటోనియో కాంటే అక్కడ కోచ్. 2024-25లో లుకాకు 14 లీగ్ గోల్స్ చేశాడు. 2025 మే 23న కాగ్లియారిపై గెలిచి నేపోలి టైటిల్ అందుకున్న మ్యాచ్‌లో రెండో గోల్ అతడిదే.

వారూ అరువు వెళ్లినవారే

లుకాకుది ఒంటరి కథ కాదు. కెవిన్ డిబ్రూయిన్‌ను చెల్సీ 2012-13లో జర్మనీ క్లబ్బు వెర్డర్ బ్రెమెన్‌కు అరువిచ్చింది. అక్కడ 10 లీగ్ గోల్స్ చేశాడు. 2013లో తిరిగి వచ్చినా మూడు లీగ్ మ్యాచ్‌లకే పరిమితమయ్యాడు. 2014 జనవరిలో వోల్ఫ్స్‌బర్గ్‌కు అమ్మేశారు. తరువాత మాంచెస్టర్ సిటీలో చేరి ఆరు ప్రీమియర్ లీగ్ టైటిళ్లలో పాలుపంచుకున్నాడు.

టోటెన్‌హామ్ మరో దారి పట్టింది. హ్యారీ కేన్‌ను లేటన్ ఓరియంట్, మిల్‌వాల్, నార్విచ్, లీసెస్టర్ క్లబ్బులకు వరుసగా అరువిచ్చింది. పిలిచిన తరువాత ఓపికతో ఆడించింది. 2014-15లో అతడు 21 లీగ్ గోల్స్ చేశాడు. 2023లో క్లబ్బును వీడేనాటికి మొత్తం 280 గోల్స్‌తో టోటెన్‌హామ్ చరిత్రలోనే అగ్రస్థానంలో ఉన్నాడు. ఇద్దరినీ వెనక్కి పిలిచారు. తేడా పిలిచిన తరువాత ఇచ్చిన నిమిషాల్లోనే ఉంది.

ఇక తేల్చక తప్పదు

పెద్ద క్లబ్బులు పదుల సంఖ్యలో ఆటగాళ్లను బయట ఉంచే రోజులు పోయాయి. 2022 జులై నుంచి ఫిఫా అంతర్జాతీయ అరువులపై పరిమితి విధించింది. తొలి ఏడాది ఎనిమిది, మరుసటి ఏడాది ఏడు, 2024 జులై నుంచి ఆరుగురిని మాత్రమే బయటికి పంపవచ్చు. 21 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసున్నవారికి, క్లబ్బు సొంతంగా తయారుచేసుకున్నవారికి మినహాయింపు ఉంది. ఒక్కో అరువు ఏడాదికి మించరాదు. అంటే పాతికేళ్లు దాటిన ఫార్వర్డ్ విషయంలో ‘వచ్చే ఏడాది చూద్దాం’ అనే వెసులుబాటు తగ్గిపోయింది.

కాబట్టి పిలిచే ముందు క్లబ్బులు నాలుగు విషయాలు తేల్చుకోవాలి. కోచ్ ఆడించే పద్ధతిలో ఆ ఆటగాడికి చోటుందా? అతడి వయసు పెరుగుదల వైపు ఉందా, తరుగుదల వైపా? అతడి స్థానంలో ఉన్నవారు నిజంగా మెరుగైనవారా, లేక పొరుగింటి పుల్లకూర రుచి మాత్రమేనా? తిరిగి రావాలని అతడికే ఉందా? 2013లో ఈ ప్రశ్నల్లో ఎక్కువ వాటికి జవాబు లుకాకుకు అనుకూలం. 2023లో దాదాపు అన్నీ ప్రతికూలం.

ఎదిగే వయసులో ఉండి, బయట గోల్స్ చేసి వచ్చిన ఫార్వర్డ్‌ను పిలవాల్సిందే. పిలిచిన వాడికి ఒక్క పెనాల్టీతో తీర్పు చెప్పకుండా కనీసం అర సీజన్ ఆడే అవకాశం ఇవ్వాలి. మనసు విరిగినవాణ్ని మాత్రం అరువుల చుట్టూ తిప్పకుండా గౌరవంగా సాగనంపడమే క్లబ్బుకూ, ఆటగాడికీ శ్రేయస్కరం.