పిల్లికి కూడా పథ్యమా?



ఈ నెల పిల్లల చదువులను గూర్చి వ్రాయాలని అనుకున్నాము. ఇంతలో మా సంఘంలో ఒక సహోదరి ఇంట జరిగిన సంగతి మమ్మల్ని వేరే దారి పట్టించింది. నవ్వకండి, ఇది పిల్లి సంగతి. మేమూ మొదట నవ్వినవారమే.

శ్రీసిటీలో పనిచేసే అనేకులు సత్యవేడు, వరదయ్యపాళెం, తడ చుట్టుపక్కల అద్దె గదుల్లో కాపురముంటున్నారు. ఈ సహోదరి కూడా అలాంటి ఒక గదిలోనే ఉంటుంది. భర్త లేడు. ఆమె షిఫ్టుకు వెళ్తే తొమ్మిదో తరగతి చదివే కుమారునికి తోడు ఒక గండుపిల్లి. ఒక శనివారం రాత్రి ఆ బిడ్డ దానిని చంకనెత్తుకొని మా యింటికి వచ్చాడు. "అయ్యగారూ, ఇది ఊరికే ఇసుకలో కూర్చుని ముక్కుతోంది, ఏమీ రావడం లేదు. ప్రార్థన చేయండి" అన్నాడు. మేము ప్రార్థన చేసి, మలబద్ధకమేమో, కొంచెం ఆముదం పట్టించమని చెప్పి పంపివేశాము.

అది మలబద్ధకం కాదు. మూత్రం బంధించింది. మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నం. అందులో జిగురో, ఇసుక వంటి పలుకులో అడ్డుపడితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. మూత్రంతో బయటకు పోవలసిన పొటాషియం రక్తంలో పేరుకొని గుండెను ఆపుతుంది. ఆదివారం ఆరాధన ముగిసేసరికి అది వాంతులు చేసుకొని చల్లబడిపోయింది. తెలిసినవారి కారులో తిరుపతి తీసుకొని వెళ్ళాము. డాక్టరుగారు సన్నని గొట్టం వేసి మూత్రం తీశారు, రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. దేవుని కృపవలన బ్రతికింది. ఆముదం సలహా ఎవరిదని ఆయన అడిగినప్పుడు ఆ బిడ్డ మావైపు చూడలేదు, తల వంచుకున్నాడు.

ఆ సిగ్గుతో మేము రెండో పొరపాటు చేశాము. ఎవరినీ అడగకుండా, సంచి మీద మూత్ర వ్యాధికని వ్రాసి ఉన్న ఖరీదైన గట్టి మేత ఒకటి తెప్పించి ఆ యింట ఇచ్చాము. పిల్లి దానిని మూతి కూడా పెట్టి చూడలేదు. ఆకలేస్తే అదే తింటుందిలే అని రెండు రోజులు అలాగే ఉంచారు. మనుష్యుల ఉపవాసం వేరు, పిల్లి పస్తు వేరు. రెండు మూడు రోజులు తినకపోతే దాని కాలేయంలో కొవ్వు పేరుకొని అదే మరో జబ్బవుతుంది.

డాక్టరుగారు మాకు ఓపికగా చెప్పిన మాటలు, తరువాత మేము చదివి తెలుసుకున్నవి, ఇలాంటి ఇళ్లకు పనికివస్తాయని వ్రాస్తున్నాము.

పిల్లి మూత్రవ్యాధి ఒకే జబ్బు కాదు. స్ట్రువైట్ అనే రాళ్ళున్నాయి. అవి మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసి ఏర్పడేవి. తగిన వైద్యపు మేతతో అవి కొన్ని వారాల్లో కరుగుతాయి. ఆక్సలేటు రాళ్ళు ఏ మేతకూ కరగవు, చాలాసార్లు కోసి తీయవలసిందే. ఇక రాయీ లేక, సూక్ష్మక్రిమీ లేక, వట్టి మంటతో బాధపడే పిల్లులే చాలా ఎక్కువ. ఇల్లు మారడం, భయం, కొత్త జంతువు, ఇలాంటి కలత దానిని పెంచుతుంది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంవారు 1981 నుండి జంతువుల మూత్రపు రాళ్లను పరీక్షిస్తున్నారు. మొదట్లో పిల్లుల్లో స్ట్రువైటే అధికం. కంపెనీలు మేతలో మెగ్నీషియం తగ్గించి, మూత్రం పులిసేలా చేశాక, 1990ల నాటికి ఆక్సలేటు బాగా పెరిగింది. ఒక రాయికి మందైనది మరో రాయికి దారి కావచ్చునన్నమాట. కాబట్టి పేదవాని డబ్బు మొదట మూత్రపరీక్షకు, అవసరమైతే ఎక్స్‌రేకు పోవాలి, ఆ తరువాతే సంచికి. మేము తలక్రిందులుగా చేశాము.

పరీక్షలో స్ట్రువైట్ తేలితే వైద్యపు మేత మానకూడదు. చెప్పినన్ని వారాలు పెట్టి, ఆ మీదట తక్కువ ధరదానికి మారవచ్చునా అని అడగండి. అడగడానికి మొహమాటమెందుకు? మన స్తోమత చెప్పకపోతే డాక్టరుకెలా తెలుస్తుంది?

ఈ పిల్లికి రాయి లేదు, జిగురు అడ్డుపడింది. ఆ సహోదరి జీతం విని డాక్టరుగారు ఇచ్చిన ఏర్పాటు ఇది: పూట పూటకు మామూలు తడి మేత పొట్లం కొంచెం, మిగిలినది మామూలు గట్టి మేత, అదీ గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి. గట్టి మేతలో నీరు సాధారణంగా నూటికి పది పాళ్ళ దరిదాపుల్లోనే ఉంటుంది, పొట్లంలో డెబ్బై ఐదు పాళ్ళకు పైనే ఉంటుంది. మూత్రం పలుచబడడమే ఇక్కడ సగం వైద్యం. పొట్లం మీద సంపూర్ణాహారమని ఉండాలి. చిరుతిండిగా అమ్మేవి కడుపు నింపుతాయి గాని పోషించవు. ధర చూసేటప్పుడు సంచి వెల కాదు, రోజుకు ఎంతవుతుందో లెక్కవేయండి. కొత్త మేతను పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజుల్లో మార్చాలి.

మరి ఇంట్లో వండి పెట్టకూడదా అని మా అమ్మగారే అడిగారు. తడలో పులికాట్ చేప దొరుకుతుంది, కోడిమాంసం అంగడి ప్రక్కనే ఉంది. పెట్టవచ్చు, గాని అదొక్కటే చాలదు. పిల్లికి టారిన్ అనే పదార్థం మేత ద్వారానే అందాలి. అది చాలక పిల్లుల గుండె పాడవుతున్నదని 1987లో కాలిఫోర్నియా పశువైద్యులు కనుగొన్నారు. పాలన్నంలో అది చాలినంత ఉండదు. కోడి గుండెకాయల్లో బాగా ఉంటుంది, అయితే ఉడికించిన నీళ్ళలోకి దిగిపోతుంది, కనుక ఆ నీళ్ళు పారబోయక చల్లార్చి మేతలోనే పోయండి. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి వద్దు. ఎండుచేప మూత్రవ్యాధి ఉన్న పిల్లికి అసలే వద్దు. నొప్పికి పారాసిటమాల్ ఒక్క బిళ్ళ వేసినా చచ్చిపోతుంది, ఇది తప్పక గుర్తుంచుకోండి.

మట్టి మూకుళ్ళలో నీళ్ళు రెండు మూడు చోట్ల పెట్టి రోజూ మార్చాలి. దీనికి ఖర్చేమీ లేదు.

"పిల్లికి ఇంత ఖర్చా, ఆ డబ్బు కానుక పెట్టెలో వేయరాదా?" అని సంఘంలో ఒకరిద్దరు అన్నారు. ప్రొటెస్టెంటు బైబిలులో ఇంటి పిల్లి ప్రస్తావన లేదన్నది నిజమే. గాని నాతాను ప్రవక్త దావీదుకు చెప్పిన కథలో పేదవాడు తన చేతి ముద్దనూ తన గిన్నెలో నీళ్ళనూ గొఱ్ఱెపిల్లకు పెట్టలేదా? ఆ కథను మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. ఆ బిడ్డ మా గుమ్మంలో నిలబడిన రాత్రి మాత్రం అది గుర్తుకు రాలేదు.

తిరుపతిలో 1955లో స్థాపించిన పశువైద్య కళాశాల, ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం క్రింద ఉన్నది, మనకు అందుబాటులో ఉంది. తడ వైపువారికి చెన్నై వేపేరిలోని మద్రాసు వెటర్నరీ కాలేజీ దగ్గర కావచ్చు. రాత్రివేళ, సెలవు దినాల్లో ఎవరుంటారో ముందే విచారించి ఫోను నంబరు గోడమీద వ్రాసి పెట్టుకోండి. గండుపిల్లి పూటంతా ముక్కి చుక్క మూత్రం పోయకపోతే తెల్లవారేదాకా ఆగకండి.

మళ్ళీ మూత్రపరీక్షకు వచ్చే నెల మొదటివారంలో రమ్మన్నారు. ఆ రోజు సహోదరికి పగటి షిఫ్టు, కనుక బిడ్డతో మేమే వెళ్తున్నాము. మేము కొన్న సంచి సగం అలాగే ఉంది. దానినీ వెంట తీసుకొనిపోయి ఏం చేయాలో డాక్టరుగారినే అడుగుతాము.